చివరి యుద్ధ పైలట్లు వెళ్ళిపోతున్నారు. మనవాళ్ళ లెక్క ఎవరి దగ్గర ఉంది?

తోకచుక్క · మంగళవారం, రాత్రి 9:14

2025 మార్చి 17న డబ్లిన్‌లో జాన్ హెమింగ్వే అనే పెద్దాయన, రెండో ప్రపంచయుద్ధం నాటి పైలట్, కన్నుమూశారు. వయసు 105. మన పేపర్లలో ఎక్కడో మూల చిన్న వార్తగా వచ్చింది. చాలామంది చూసి ఉండరు.

1940 వేసవిలో, శరత్తులో బ్రిటన్ మీదికి వచ్చిన జర్మన్ విమానాలను ఎదుర్కొన్న వైమానిక సిబ్బంది 2,900 మందికి పైగా. ‘బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’ అనే ఆ పోరాటంలోనే 544 మంది పోయారు. ఆగస్టు 20న చర్చిల్ పార్లమెంటులో, ఇంత కొద్దిమందికి ఇంతమంది ఇంతగా రుణపడటం ఎన్నడూ లేదన్నది వీళ్ళ గురించే. అప్పటి నుంచి వాళ్ళను ‘ది ఫ్యూ’ (ఆ కొద్దిమంది) అంటున్నారు. ఆ జాబితాలో ఆఖరి మనిషి హెమింగ్వే. 2020 జనవరిలో పాల్ ఫార్న్స్, మే నెలలో టెరీ క్లార్క్ పోయాక ఈయన ఒక్కరే మిగిలారు.

85వ స్క్వాడ్రన్‌లో (వైమానిక దళంలో ఒక విభాగం) హరికేన్ ఫైటర్ విమానం నడిపేవాడు. యుద్ధం మొత్తంలో నాలుగుసార్లు ఆయన విమానం కూలింది. 1940 ఆగస్టులోనే రెండుసార్లు పారాచూట్‌తో దూకాడు. రెండోసారి విమానం వెళ్ళి ఎసెక్స్ బురద నేలల్లో కూరుకుపోయింది. 2019లో తవ్వి తీస్తే కంట్రోల్ స్టిక్ దొరికింది. తుపాకీ మీట ఇంకా ‘ఫైర్’ మీదే ఉంది. నాలుగోసారి 1945 ఏప్రిల్‌లో ఇటలీలో కూలితే అక్కడి పార్టిజాన్లు (జర్మన్ల మీద పోరాడే గెరిల్లాలు) రైతు బట్టలు వేసి దాటించారు.

తానేమీ వీరుణ్ణి కాదని, అదృష్టవంతుణ్ణి మాత్రమేనని చెప్పుకునేవాడట. గుర్తు చేసుకుని బాధపడేది స్నేహితుల గురించి. ముఖ్యంగా డికీ లీ. అతను 1940 ఆగస్టు 18న సముద్రం మీదికి జర్మన్ విమానాలను తరుముతూ వెళ్ళి తిరిగి రాలేదు.

ఇక నా ప్రశ్న. వాళ్ళకు ‘ఆఖరి మనిషి’ ఎవరో రోజుతో సహా తెలుసు. అదే యుద్ధంలో మనవాళ్ళూ ఎగిరారు కదా. మనవాళ్ళలో ఆఖరివారు ఎవరు? పోయారా, ఉన్నారా? ఎవరికైనా తెలుసా?

---

కెంట్_కాఫీ · మంగళవారం, రాత్రి 11:40

మంచి పోస్ట్ అన్నా. నేనుండేది కెంట్‌లోనే. ఫోక్‌స్టన్ దగ్గర కేపెల్-లె-ఫెర్న్ అనే ఊళ్ళో కొండ అంచున ఆ యుద్ధానికి స్మారకం ఉంది. ఒక పైలట్ నేల మీద కూర్చుని సముద్రం వైపు చూస్తున్న విగ్రహం. చేతిలో కత్తీ లేదు, జెండా లేదు. పక్కన నల్లటి గోడ మీద అందరి పేర్లూ చెక్కారు. ర్యాంకులు వేయలేదు, పతకాలు వేయలేదు. అక్షర క్రమంలో పేర్లు, అంతే. స్క్వాడ్రన్ లీడరూ, కొత్తగా చేరిన సార్జెంటూ ఒకే వరసలో ఉంటారు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది.

145 మంది పోలండ్ పైలట్లు ఆ జాబితాలో ఉన్నారు. చెక్‌లు, న్యూజిలాండ్ వాళ్ళు, కెనడా వాళ్ళు ఉన్నారు. మన పేర్ల కోసం వెతికి నిరాశపడ్డాను.

---

తోకచుక్క · బుధవారం, ఉదయం 7:02

దానికి కారణం ఉంది. అప్పటికే సివిల్ ఫ్లయింగ్ లైసెన్సు ఉన్న భారతీయ పైలట్లు 24 మందిని బ్రిటన్ పంపారు. వాళ్ళు ఓడ దిగేసరికి 1940 అక్టోబర్. ఆ పోరాటానికి అధికారిక గడువు జూలై 10 నుంచి అక్టోబర్ 31 వరకు. ట్రైనింగ్ పూర్తయ్యేసరికి అది దాటిపోయింది. కానీ తర్వాత గట్టిగానే ఎగిరారు. వాళ్ళలో ఒకరైన మహీందర్ సింగ్ పుజ్జీ తలపాగాతోనే హరికేన్ నడిపాడు. చివరి రోజులు గ్రేవ్‌సెండ్‌లో గడిపి 2010లో పోయారు. 2014లో ఆ ఊళ్ళో విగ్రహం పెట్టారు. కెంట్ కాబట్టి మీకు దగ్గరే.

---

పాతబస్తీ పిల్లోడు · బుధవారం, ఉదయం 10:25

మనుషులు లేకపోయినా మన పైసలు మాత్రం ఆ యుద్ధంలో ఉన్నాయి భాయ్. 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్, 253 (హైదరాబాద్ స్టేట్) స్క్వాడ్రన్. రెండూ బ్రిటన్ పోరాటంలో ఉన్నవే. 152 వాళ్ళవి స్పిట్‌ఫైర్లు, డోర్సెట్‌లో వార్మ్‌వెల్ నుంచి ఎగిరేవి. దాని బ్యాడ్జి మీద ఏముందో చూడండి. మన నిజాం పెట్టుకునే దస్తార్, అంటే తలపాగా! కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అనే అర్థం వచ్చే మాట. బ్రిటిష్ వాళ్ళు నిజాంకు ఇచ్చిన బిరుదు అదే. ఆ స్క్వాడ్రన్ తర్వాత బర్మాకు కూడా వచ్చింది.

ఇంకా వెనక్కి పోతే 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్. మొదటి ప్రపంచయుద్ధంలో 1918లో దాని విమానాలకు డబ్బు ఇచ్చింది నిజామే. ఒక్కో విమానం మీద ఆ సంగతి రాయించారు. రెండో యుద్ధంలోకి బ్రిటన్ దిగిన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, విల్‌హెల్మ్స్‌హావెన్‌లో జర్మన్ యుద్ధనౌకల మీద బ్రిటన్ చేసిన మొదటి బాంబు దాడిలో ఈ స్క్వాడ్రన్ కూడా ఉంది.

---

కెంట్_కాఫీ · బుధవారం, మధ్యాహ్నం 1:50

110 వాళ్ళ విమానం ఒకటి లండన్‌లో ఆర్.ఏ.ఎఫ్. మ్యూజియంలో ఉంది! హెండన్‌లో చూశాను. డి.హెచ్.9ఏ, నంబర్ ఎఫ్1010. 1918 అక్టోబర్‌లో జర్మన్లకు చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో ఉండి, రెండో యుద్ధంలో పోలండ్ చేరి, 1977లో లండన్‌కు తిరిగొచ్చింది. పక్కకు ‘హైదరాబాద్’ అని కనబడగానే మా ఆవిడను పిలిచి మరీ చూపించాను. “ఇక్కడికొచ్చినా హైదరాబాదేనా” అంది.

---

గోదారిగట్టు · బుధవారం, మధ్యాహ్నం 3:33

నిజాం గారి సంగతి సరే, మా ఆంధ్ర వైపు వాళ్ళం ఊరుకున్నామా? 79, 234, 264 స్క్వాడ్రన్లకు ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ అని పేరు. మద్రాసు పత్రిక ఒకటి, ప్రెసిడెన్సీ జనం కలిసి చందాలు పోగుచేశారు. అప్పుడు రాజమండ్రి, కాకినాడ, బెజవాడ, కడప అన్నీ మద్రాస్ ప్రెసిడెన్సీలోవే. 5,000 పౌండ్లు కడితే ఒక స్పిట్‌ఫైర్ మీద మీకు నచ్చిన పేరు రాసేవారు.

---

ఎర్రమందారం · బుధవారం, సాయంత్రం 6:08

చందాలా? వాటిలో ఎన్ని ఇష్టపడి ఇచ్చినవి, ఎన్ని తహసీల్దారు గుమ్మంలో నిలబడితే ఇచ్చినవి? మీరందరూ మురిసిపోతున్నారు కాబట్టి ఒకడు చేదు మాట చెప్పాలి.

నిజాం ఖజానా అన్నా, సొంత పెట్టె అన్నా చివరికి అది తెలంగాణ రైతు కట్టిన శిస్తు. వెట్టి చేస్తున్న మనిషికి తన చెమట డోర్సెట్‌లో స్పిట్‌ఫైర్ అయిందని తెలియదు. 1946లో అదే రైతు తిరగబడ్డాడు.

ఇంకొకటి. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం జరుగుతుంటే బీహార్‌లో జనం మీద విమానాల్లోంచి మెషిన్ గన్లు పేల్చారు. ఆ ఆజ్ఞ ఇచ్చింది ఇదే ప్రభుత్వం. 1943లో బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. యుద్ధం కోసం పడవలు, ధాన్యం లాగేసుకున్నారు. ఆ సామ్రాజ్యం కోసం ఎగిరినవాళ్ళకు మనమెందుకు నివాళి రాయాలి? హెమింగ్వే మంచివాడే అయ్యుండొచ్చు. ఆయనకు నివాళి రాయడానికి వాళ్ళ వాళ్ళు ఉన్నారు.

---

పాతబస్తీ పిల్లోడు · బుధవారం, సాయంత్రం 6:20

మీరు చెప్పింది కాదనను. కానీ డబ్బిచ్చిన నిజాం వేరు, విమానం ఎక్కిన ఇరవై ఏళ్ళ పోరగాడు వేరు.

---

ఎర్రమందారం · బుధవారం, సాయంత్రం 6:31

పోరగాడు వేరే, ఒప్పుకుంటా. కానీ ప్రతి నివాళిలోనూ పోరగాణ్ణి ముందు నిలబెట్టి వెనక సామ్రాజ్యాన్ని దాచేస్తారు. నా గొడవ దాని మీద.

---

బీచ్‌రోడ్ బామ్మ · బుధవారం, రాత్రి 8:47

నాయనా, మీరంతా ఇంగ్లండు ఆకాశం గురించి మాట్లాడుతున్నారు. మా విశాఖ ఆకాశం సంగతి కూడా వినండి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా ఊరి మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ర్యూజో అనే ఓడ మీంచి లేచిన విమానాలు. మా అమ్మకప్పుడు పన్నెండేళ్ళు. రేవు వైపు పొగ చూసి మా తాతగారు ఇంట్లో అందరినీ ఎడ్లబండి ఎక్కించి విజయనగరం దాటించారట. ఊరు ఊరంతా అలాగే పోయింది. వీధిలో అరుగుల మీద ముసలివాళ్ళు మాత్రం మిగిలారని చెప్పేది. పొయ్యి మీద అన్నం అలాగే వదిలి వచ్చామని పెద్దయ్యాక కూడా తలుచుకునేది. అన్నం పారేయడం ఆవిడకు అంత బాధ.

పేలని జపాన్ బాంబు ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో పెట్టారు. మనవళ్ళను తీసుకెళ్ళి చూపించండి.

ఆ రోజు మమ్మల్ని కాపాడటానికి ఒక్క విమానం కూడా పైకి లేవలేదని అమ్మ అనేది. కాబట్టి ఎర్రమందారం బాబూ, ఎవరి సామ్రాజ్యమైనా పైన ఎగిరేవాడు ఒకడుంటే బాగుండునని కింద ఉన్నవాళ్ళు అనుకుంటారు. అంతే నేను చెప్పేది.

---

తోకచుక్క · బుధవారం, రాత్రి 9:30

బామ్మగారూ, మీ ఊరి మీద బాంబులు పడటానికి ఒక్కరోజు ముందు, ఏప్రిల్ 5న, కొలంబో మీద దాడి జరిగింది. దాంట్లో జీరో ఫైటర్ నడిపిన కనమే హరాడా 2016లో 99 ఏళ్ళ వయసులో పోయారు. యుద్ధం తర్వాత ఆయన చిన్నపిల్లల బడి నడిపారు. తను కూల్చిన పైలట్ల ముఖాలు దగ్గర నుంచి చూశానని, అవి వదలడం లేదని ముసలితనంలో సభల్లో చెప్పేవారు. యుద్ధం వద్దని చెప్పడమే తన మిగిలిన పని అనుకున్నారు.

పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన జపాన్ వైమానికుల్లో ఒకరైన మసమిత్సు యోషియోకా 2024లో 106 ఏళ్ళకు పోయారు. అటువైపు లెక్క కూడా దాదాపు ముగిసింది.

---

డేటన్_డైరీ · గురువారం, ఉదయం 6:15 (మాకింకా బుధవారం రాత్రే)

విశాఖ మీద బాంబులు పడ్డాక సరిగ్గా పన్నెండు రోజులకు, ఏప్రిల్ 18న, అమెరికా వాళ్ళు టోక్యో మీద బాంబులు వేశారు. డూలిటిల్ రెయిడ్. హార్నెట్ ఓడ మీంచి 16 బి-25 బాంబర్లు, 80 మంది మనుషులు. అంత పెద్ద బాంబర్లు ఓడ మీంచి లేవగలవు కానీ మళ్ళీ దాని మీద దిగలేవు. దాడి చేసి చైనా వైపు పోవాలి. ఆ సంగతి తెలిసే బయల్దేరారు.

నేనుండే ఊళ్ళోనే, అమెరికాలో డేటన్‌లో, వాళ్ళ గిన్నెలున్నాయి. అవును, గిన్నెలే. 1959లో టూసాన్ నగరం వాళ్ళకు 80 వెండి గ్లాసులు బహుమతిగా ఇచ్చింది. ఒక్కో దాని మీద ఒక్కొక్కరి పేరు రెండుసార్లు చెక్కి ఉంటుంది, ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా. ఏటా కలిసేవాళ్ళు. ఎవరైనా పోతే ఆయన గ్లాసు బోర్లించేవారు. బోర్లించాక కూడా పేరు చదవగలిగేలా రెండోది.

దానితోపాటు ఒక కోన్యాక్ సీసా, 1896 నాటిది. అది డూలిటిల్ పుట్టిన సంవత్సరం. ఆఖరికి ఇద్దరు మిగిలినప్పుడు తెరవాలని అనుకున్నారు. కానీ 2013లో నలుగురు మిగిలి ఉండగానే, ఇక ఆగితే ఎవరికీ ఓపిక ఉండదని, నవంబర్ 9న ఇక్కడి ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో తెరిచారు. ముగ్గురు రాగలిగారు. ఆఖరివాడు రిచర్డ్ కోల్, డూలిటిల్ పక్క సీట్లో కో-పైలట్. 2019 ఏప్రిల్ 9న 103 ఏళ్ళకు పోయారు. తొమ్మిది రోజులు ఆగి ఉంటే రెయిడ్ రోజు వచ్చేది.

ఆ గ్లాసుల అల్మరా ముందు ఎప్పుడు వెళ్ళినా జనం మాట్లాడకుండా చూస్తుంటారు. అయితే ఎర్రమందారం గారి మాటకు ఇక్కడ కూడా జవాబు చెప్పాలి. ఆ పైలట్లకు ఆశ్రయమిచ్చిన పాపానికి జపాన్ సైన్యం చైనా పల్లెల మీద పడి పెద్దసంఖ్యలో సామాన్యుల్ని చంపింది. వాళ్ళ పేర్లతో గ్లాసులు లేవు.

---

గోదారిగట్టు · గురువారం, ఉదయం 9:00

నాకు తెలిసి ఈ ఇబ్బంది బ్రిటన్‌లో కూడా ఉంది. ఫైటర్ పైలట్లను మొదటి నుంచీ నెత్తిన పెట్టుకున్నారు. బాంబర్ల వాళ్ళ దగ్గర మాత్రం నోరు పెగల్లేదు. బ్రిటన్ బాంబర్ల దళమైన బాంబర్ కమాండ్‌లో 1,25,000 మంది ఎగిరితే 55,573 మంది చనిపోయారు. దాదాపు సగం! అయినా వాళ్ళ బాంబులకు ధ్వంసమైన జర్మన్ నగరాలు డ్రెస్డెన్, హాంబర్గ్ కళ్ళ ముందు ఉండటంతో లండన్‌లో వాళ్ళకంటూ పెద్ద స్మారకం 2012 దాకా లేదు. అప్పటికి బతికున్నవాళ్ళు తొంభైల్లో ఉన్నారు.

జర్మనీ డ్యామ్‌లను బాంబులతో పగలగొట్టడానికి వెళ్ళిన డ్యామ్‌బస్టర్స్ సంగతీ అంతే. 1943 మే 16 రాత్రి 133 మంది వెళ్తే 53 మంది చనిపోయారు. జర్మనీలో ఆ వరదకు పదమూడు వందల మందికి పైగా పోయారు. వాళ్ళలో బలవంతంగా పని చేయిస్తున్న విదేశీ కూలీలు చాలామంది. ఆ బృందంలో ఆఖరివాడు జానీ జాన్సన్, 2022 డిసెంబర్‌లో 101 ఏళ్ళకు పోయారు. సోర్పె డ్యామ్ మీద సరైన ఎత్తు, సరైన గీత కుదిరే దాకా బాంబు వదలనని తొమ్మిదిసార్లు విమానాన్ని చుట్టూ తిప్పించి పదోసారి వదిలాడు. మిగతా సిబ్బంది ఎంత తిట్టుకుని ఉంటారో!

అయినా నివాళి అంటే సర్టిఫికెట్ ఇవ్వడం కాదుగా. మంచీ చెడ్డా రెండూ రాసి కూడా ఇవ్వొచ్చు.

---

మాజీ సార్జెంట్ · గురువారం, మధ్యాహ్నం 12:12

నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. రెండు రోజుల నుంచి చదువుతున్నాను. అందరూ పైలట్ల గురించే రాస్తున్నారు.

ఒక హరికేన్‌కు ఎనిమిది బ్రౌనింగ్ తుపాకులు. నొక్కిపట్టి పేలిస్తే సుమారు పదిహేను సెకన్లలో గుళ్ళన్నీ అయిపోతాయి. కిందికి దిగగానే ఆర్మరర్లు (తుపాకుల పని చూసేవాళ్ళు) రెక్కల మీదెక్కి పలకలు విప్పి, కొత్త గుళ్ళ పట్టీలు వేసి, మూయాలి. అదే టైంలో ఒకరు పెట్రోలు పోయాలి, ఫిట్టర్ ఇంజిన్ చూడాలి, రిగ్గర్ రెక్కలకు పడ్డ చిల్లులు చూడాలి. పైన శత్రువు విమానాలు తిరుగుతుండగానే ఇదంతా. బర్మాలో మనవాళ్ళు ఇదే పని వానలో, బురదలో, మలేరియా జ్వరంతో చేశారు. ఇంఫాల్ దగ్గర స్ట్రిప్ పక్కనే గుడారాలు.

మన ఎయిర్‌ఫోర్స్ 1933 ఏప్రిల్‌లో కరాచీలో మొదటిసారి ఎగిరినప్పుడు నాలుగు వాపిటి విమానాలు, ఐదారుగురు ఆఫీసర్లు, పందొమ్మిది మంది ‘హవాయి సిపాయిలు’, అంటే ఎయిర్‌ఫోర్స్ జవాన్లు. యుద్ధం అయిపోయేసరికి తొమ్మిది స్క్వాడ్రన్లు, సుమారు 28,500 మంది. వాళ్ళలో ఆఫీసర్లు సుమారు 1,600 మంది. అంటే ప్రతి ఆఫీసరుకీ పదహారు, పదిహేడు మంది కింద పని చేసినవాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ గోడ మీదున్నాయి?

---

తోకచుక్క · గురువారం, మధ్యాహ్నం 12:40

సార్జెంట్ గారూ, మీరు రాయాల్సిందే రాశారు. ఇంకా రాయండి.

---

పాతబస్తీ పిల్లోడు · గురువారం, సాయంత్రం 4:55

అసలు ప్రశ్నకు వద్దాం. మన హైదరాబాదు మనిషి ఒకరు ఆ యుద్ధంలో ఎగిరారు. ఇద్రీస్ హసన్ లతీఫ్. 1923లో ఇక్కడే పుట్టారు, నిజాం కాలేజీలో చదివారు. 1942లో చేరారు. ఇంగ్లండు పంపితే హరికేన్, స్పిట్‌ఫైర్ నేర్చుకుని వచ్చి బర్మాలో పోరాడారు. అక్కడ ఆయన పైనున్న వాళ్ళలో అస్ఘర్ ఖాన్ ఒకరు.

1947లో సైన్యం చీలింది. అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ ఇద్దరూ దోస్తులే. పాకిస్తాన్‌కు రమ్మని అడిగారు. లతీఫ్ రానన్నారు. ఆ ఇద్దరూ పాకిస్తాన్ ఎయిర్‌ఫోర్స్‌కు చీఫ్‌లయ్యారు. ఈయన 1978లో మన ఎయిర్‌ఫోర్స్‌కు చీఫ్ అయ్యారు. జాగ్వార్ యుద్ధవిమానాలు మన దగ్గరికొచ్చింది ఆయన హయాంలోనే. తర్వాత మహారాష్ట్ర గవర్నర్, ఫ్రాన్స్‌లో రాయబారి. ఆఖరికి హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డారు. 2018 ఏప్రిల్ 30న పోయారు.

అస్ఘర్ ఖాన్ పోయింది అదే ఏడాది జనవరి 5న. ఒకే స్క్వాడ్రన్, రెండు దేశాలు, నాలుగు నెలల తేడా.

మా మామూకు ఆయన్ని చూసిన జ్ఞాపకం ఉంది. నేనెన్నిసార్లు ఆయన ఇంటి రోడ్డున పోయానో! ఈ ఇంట్లో బర్మా యుద్ధంలో ఎగిరిన మనిషి ఉన్నాడని ఎవరూ చెప్పలేదు.

---

ఎర్రమందారం · గురువారం, సాయంత్రం 5:40

ఇది నాకు తెలియదు. రాసినందుకు థాంక్స్ భాయ్. లతీఫ్ గారి గురించి బడి పుస్తకంలో ఒక పేజీ పెట్టినా నాకు అభ్యంతరం లేదు. నిజాం దస్తార్ బ్యాడ్జి గురించి మాత్రం నా మాట నాదే.

---

తోకచుక్క · గురువారం, రాత్రి 9:05

దేశం మొత్తం మీద చూస్తే, అర్జన్ సింగ్ గారిని అందరూ ఎరుగుదురు. 1944లో ఇంఫాల్‌లో ఒకటో స్క్వాడ్రన్‌కు నాయకుడు. మౌంట్‌బాటెన్ అక్కడికే వచ్చి డి.ఎఫ్.సి. అనే శౌర్య పతకం గుచ్చారు. 2017 సెప్టెంబర్‌లో 98 ఏళ్ళకు పోయినప్పుడు అధికార లాంఛనాలతో సాగనంపారు.

దలీప్ సింగ్ మజీఠియా మాత్రం చాలామందికి తెలియదు. హరికేన్, వెంజెన్స్ నడిపి బర్మాలో పోరాడి, 1947లో ఎయిర్‌ఫోర్స్ వదిలేశారు. 1949 ఏప్రిల్‌లో తన చిన్న బొనాంజా విమానాన్ని కాఠ్మాండూలో ఒక గడ్డి మైదానం మీద దించారు. ఆ లోయలో దిగిన మొదటి విమానం అదే. నేటి త్రిభువన్ విమానాశ్రయం ఉన్నది అక్కడే. 2024 ఏప్రిల్‌లో 103 ఏళ్ళకు పోయారు.

వీళ్ళు తెలిసినవాళ్ళు. ఆఫీసర్లు. ‘ఆఖరివారు’ అని చెప్పడానికి ముందు మొత్తం జాబితా ఉండాలి కదా. బ్రిటన్‌లో 1940 పోరాటంలో ఎగిరిన ప్రతివాడికీ పతకం మీద పెట్టుకునే ప్రత్యేక పట్టీ ఒకటి ఇచ్చారు. అందుకే లెక్క తేలింది. మనకు స్వాతంత్ర్యం, విభజన వచ్చాక ఆ యుద్ధం ఎవరిదీ కాకుండా పోయింది. ఇటువాళ్ళు అది ఇంగ్లీషువాడి యుద్ధం అన్నారు. ఇంగ్లీషువాడు మన ఎయిర్‌ఫోర్స్‌ను మర్చిపోయాడు.

---

వేదిక నిర్వాహకుడు · గురువారం, రాత్రి 10:20

చర్చ బాగుంది. కొట్టుకోకుండా నడుస్తోంది, అదొక వింత. ఒక విన్నపం. బతికి ఉన్న పెద్దవాళ్ళ పేర్లు, ఊళ్ళు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి. 100 ఏళ్ళ మనిషి ఇంటికి యూట్యూబ్ వాళ్ళు మైకులతో వస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

---

గోదారిగట్టు · శుక్రవారం, ఉదయం 8:18

మా పెదనాన్నగారి మావగారు యుద్ధంలో ఎయిర్‌ఫోర్స్‌లో ఉండేవారని ఇంట్లో అంటారు. ఆయన పోయి చాలా కాలమైంది. పెట్టెలో ఒక ఫోటో దొరికింది. రెండు రెక్కలు ఒకదాని మీద ఒకటి ఉన్న చిన్న విమానం, ముందు నిక్కర్లలో పన్నెండు మంది కుర్రాళ్ళు. వెనక పెన్సిల్‌తో ఇంగ్లీషులో ‘నం. 1 ఇ.ఎఫ్.టి.ఎస్.’ అని, 1943 అని ఉంది. ఇది ఎక్కడ? ఆయన పైలట్టా?

---

మాజీ సార్జెంట్ · శుక్రవారం, ఉదయం 8:45

బేగంపేట! నం. 1 ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్ హైదరాబాద్ బేగంపేటలో ఉండేది. విమానం టైగర్ మాత్ అయి ఉంటుంది. రెండు సీట్లు, ఒకటి వెనక ఒకటి. పైలట్ కావాలనుకున్నవాడు మొదట ఎక్కేది దాన్నే.

పైలట్టా కాదా అన్నది ఫోటోలో చూడాలి. చేతిలో తోలు టోపీ, కళ్ళద్దాలు ఉంటే ట్రైనీ పైలట్ కావచ్చు. భుజం మీద చారలు, చేతులకు గ్రీజు ఉంటే మావాళ్ళు. నాకైతే రెండోదే కావాలని ఉంది.

పెట్టెలో ఇంకా ఏమున్నాయో చూడండి. డిశ్చార్జ్ సర్టిఫికెట్, పే బుక్, లాగ్‌బుక్, పతకాల అంచు. పతకాల అంచు మీద సర్వీస్ నంబర్, పేరు చెక్కి ఉండొచ్చు, భూతద్దం పెట్టి చూడండి. నంబర్ దొరికితే ఢిల్లీ సుబ్రతో పార్క్‌లో ఎయిర్‌ఫోర్స్ రికార్డ్ ఆఫీసు ఉంది, అక్కడికి రాయొచ్చు. ఆఫీసరైతే భారత్ రక్షక్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకండి, పాత ఆఫీసర్ల వివరాలు చాలా ఉన్నాయి. యుద్ధంలో చనిపోయినవారైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ సైట్‌లో దొరుకుతారు. సమాధి లేనివారి పేర్లు సింగపూర్ క్రాంజీ స్మారకం మీద ఉంటాయి.

ఆయన భార్య ఉన్నారా? యుద్ధ వెటరన్ల భార్యలకు కూడా రాష్ట్ర ప్రభుత్వం నెలకు ఇంత అని సాయం ఇస్తుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. చాలామందికి తెలియక తీసుకోలేదు.

---

గోదారిగట్టు · శుక్రవారం, ఉదయం 9:10

ఆవిడ కూడా లేరండి. పెట్టె మా అన్నయ్య దగ్గర అమలాపురంలో ఉంది. ఆదివారం వెళ్తున్నా. ఫోటో మసగ్గా ఉంది, టోపీలు కనిపిస్తున్నాయి కానీ ఎవరివో తెలీట్లేదు.

---

బీచ్‌రోడ్ బామ్మ · శుక్రవారం, ఉదయం 9:32

ఫోటో మొబైల్‌తో తీయకు నాయనా, మెరుపు పడుతుంది. స్టూడియోకి తీసుకెళ్ళి స్కాన్ చేయించు. వెనక రాసింది కూడా.

---

కెంట్_కాఫీ · శుక్రవారం, మధ్యాహ్నం 2:05

లాగ్‌బుక్ దొరికితే ప్రతి పేజీ చేయించు బ్రో. ఏ రోజు, ఏ విమానం, ఎంతసేపు, పక్కన ఎవరు, అన్నీ అందులో ఉంటాయి. పక్కన ఎగిరినవాళ్ళ పేర్లు దొరికితే ఇంకో పది ఇళ్ళకు దారి దొరుకుతుంది.

---

ఎర్రమందారం · శుక్రవారం, మధ్యాహ్నం 2:40

జాబితా మొదలుపెడితే నన్నూ కలుపుకోండి. సూర్యాపేట, నల్లగొండ వైపు అడుగుతాను. ఒక షరతు. ఫిట్టర్లు, వంటవాళ్ళు, లారీ డ్రైవర్లు అందరినీ రాయాలి. ర్యాంకు కాలమ్ ఉండకూడదు, ఆ కెంట్ గోడలాగే.

---

మాజీ సార్జెంట్ · శుక్రవారం, మధ్యాహ్నం 2:58

ర్యాంకు తీసేయండి, ట్రేడ్ మాత్రం ఉంచండి. ఫిట్టర్‌ను ఫిట్టర్ అని రాయకపోతే మళ్ళీ గొడవ నాతోనే.

---

తోకచుక్క · శుక్రవారం, రాత్రి 7:21

షీట్ తెరిచాను. కాలమ్‌లు: పేరు, ఊరు (పోయినవారికి మాత్రమే), ట్రేడ్, యూనిట్, ఏయే కాగితాలున్నాయి, ఎవరి దగ్గర. మొదటి వరస ఇద్రీస్ హసన్ లతీఫ్. రెండో వరస అమలాపురం పెట్టె కోసం ఖాళీగా ఉంచాను. గోదారిగట్టు గారూ, ఆదివారం రాత్రికల్లా నింపండి.